ముందే కాలిన లోహం

1942 సెప్టెంబర్ 10న షికాగో విశ్వవిద్యాలయంలోని జోన్స్ లేబొరేటరీలో, 405వ నంబరు గదిలో, బర్రిస్ కన్నింగ్‌హామ్, లూయీ వెర్నర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక వింత త్రాసు ముందు కూర్చున్నారు. ఆ త్రాసుకు కాడి లేదు, రెండు పళ్లేలు లేవు. సన్నని క్వార్ట్జ్ పోగును ఒక కొసన బిగించి, రెండో కొసకు ప్లాటినం రేకుతో చేసిన బుల్లి పళ్లెం తగిలించారు. పళ్లెంలో ఏదైనా వేస్తే పోగు కొద్దిగా వంగుతుంది. ఎంత వంగిందో సూక్ష్మదర్శినిలో చూసి బరువు లెక్కకట్టాలి.

ఆ రోజు తేలిన బరువు 2.77 మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు కూడా నిండలేదన్న మాట. అయినా ఆ అంకె చరిత్రలో నిలిచిపోయింది. మనిషి తయారుచేసిన మూలకాన్ని మనిషి త్రాసులో వేసి తూచడం అదే మొదలు. అయితే వాళ్లు తూచింది శుద్ధమైన లోహాన్ని కాదు, దాని ఆక్సైడ్‌ను. పేరు ప్లుటోనియం డయాక్సైడ్.

లోహాన్ని వదిలి ఆక్సైడ్‌నే ఎందుకు తూచారు? ప్లుటోనియం లవణాలను చాలావాటిని గాలిలో బాగా కాలిస్తే చివరికి మిగిలేది ఈ పొడే. ఒక ప్లుటోనియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. ఆ లెక్క తప్పదు. కాబట్టి పొడిని తూస్తే అందులో ప్లుటోనియం ఎంతో నిక్కచ్చిగా చెప్పవచ్చు. తూకం కోసం ఎంచుకున్న ఆ నిలకడ గుణమే ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో పెద్ద అవసరానికి పనికొచ్చింది. ఈరోజు సౌరమండలం హద్దులు దాటి వెళ్లిన వోయేజర్ నౌకల్లో విద్యుత్తు పుట్టిస్తున్నది ఈ పదార్థమే. మూలకాన్ని కనిపెట్టినవాళ్లకు నోబెల్ వచ్చింది. దాన్ని ప్రమాదాలను తట్టుకునే రూపంలోకి తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. నా ఉద్దేశంలో అసలు ఆవిష్కరణ ఆ రెండోదే.

మూలకం కథ షికాగో కన్నా ముందు కాలిఫోర్నియాలోని బర్కిలీలో మొదలైంది. 1940 డిసెంబర్ 14న అక్కడి 60 అంగుళాల సైక్లోట్రాన్‌లో యురేనియం ఆక్సైడ్ మీదికి డ్యూటెరాన్లను, అంటే బరువైన హైడ్రోజన్ కేంద్రకాలను, వేగంగా పంపించారు. దాంతో 93వ మూలకమైన నెప్ట్యూనియంలో 238 అనే ఐసోటోప్ తయారైంది. అది రెండు రోజుల్లో సగానికి సగం క్షీణిస్తూ 94వ మూలకంగా మారిపోతుంది. ఆ కొత్త మూలకాన్ని రసాయనికంగా విడదీసి, ఇది ఇదివరకు తెలిసిన వేటిలాంటిదీ కాదని తేల్చే పని ఆర్థర్ వాల్ అనే పరిశోధక విద్యార్థి మీద పడింది. గ్లెన్ సీబోర్గ్, జోసెఫ్ కెనడీ అతనికి తోడు. 1941 ఫిబ్రవరి 23 రాత్రి, తెల్లవారితే 24 అనగా, గిల్మన్ హాల్ 307వ గదిలో ఆ సంగతి ఖాయమైంది. యుద్ధకాలపు రహస్యం కాబట్టి ఆ పరిశోధన పత్రం 1946 దాకా వెలుగు చూడలేదు. 1951లో సీబోర్గ్‌కు, అతని సహచరుడు ఎడ్విన్ మెక్‌మిలన్‌కు కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

ఆ రాత్రి బయటపడింది ప్లుటోనియం 238. కొన్ని వారాలకే 239 దొరికింది. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ తగిలినా అది పగులుతుందని తేలగానే అందరి చూపూ దానివైపే తిరిగింది. షికాగోలో తూచిన పొడి కూడా 239దే. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన బాంబులో ఉన్నదీ అదే. ముందు పుట్టిన 238 మాత్రం పదిహేనేళ్లకు పైగా ఎవరికీ పెద్దగా పట్టని ఐసోటోప్‌గా ఉండిపోయింది.

దానికి కారణం వేడి. 239 సగం తరగడానికి 24,000 ఏళ్లు పడితే, 238కి 87.7 ఏళ్లు చాలు. అంటే ఒకే బరువులో 238 దాదాపు 275 రెట్లు ఎక్కువ చురుగ్గా క్షీణిస్తుంది. క్షీణించే ప్రతి పరమాణువూ ఒక ఆల్ఫా కణాన్ని వదులుతుంది. ఆ కణం దూరం పోలేదు. కాగితం అడ్డుపెడితే చాలు, ఆగిపోతుంది. పదార్థంలోనే ఆగిపోతుంది కాబట్టి దాని శక్తంతా అక్కడే వేడిగా మారుతుంది. శుద్ధమైన 238 ఒక్కో గ్రాముకు అర వాట్‌కు పైగా వేడినిస్తుంది. మంట లేదు, గాలి అవసరం లేదు, ఆర్పడానికి మీట కూడా లేదు. బాంబుకు ఈ వేడి అడ్డంకి. దశాబ్దాల పాటు ఎండ తగలని చోట పనిచేయాల్సిన యంత్రానికి మాత్రం వరం.

ఆ వరాన్ని అందుకునే దారి ఒహాయో రాష్ట్రంలో, మయామిస్‌బర్గ్ దగ్గరున్న మౌండ్ లేబొరేటరీలో దొరికింది. అక్కడ కెన్నెత్ జోర్డన్, జాన్ బర్డెన్ అనే ఇద్దరు పొలోనియం 210 అనే రేడియోధార్మిక మూలకం మీద పనిచేస్తుండేవారు. పొలోనియం వేడిని వాడుకోవాలని వాళ్లకు తోచిన మొదటి ఆలోచన నీళ్లు మరిగించడం. ఆవిరి పుట్టాలి, ఆవిరితో చిన్న యంత్రం తిరగాలి, యంత్రంతో కరెంటు రావాలి. లెక్కలు వేసి చూస్తే అంత చిన్న వేడికి అది కుదిరే పని కాదనిపించింది. 1954లో దారి మార్చారు. రెండు వేర్వేరు లోహపు తీగలను కొసల దగ్గర కలిపి, ఒక కొసను వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచితే తీగలో కరెంటు పారుతుంది. థామస్ సీబెక్ ఈ సంగతిని 1821లోనే గమనించాడు. ప్రయోగశాలలో ఉష్ణోగ్రత కొలవడానికి రోజూ వాడే థర్మోకపుల్ అదే సూత్రం. జోర్డన్, బర్డెన్ పొలోనియం చుట్టూ అలాంటి జంటలను వరసగా అమర్చారు. వచ్చింది మిల్లీవాట్లే. అయినా తిరిగే భాగం ఒక్కటీ లేకుండా వచ్చింది. అరిగేది లేదు, నూనె వేయాల్సింది లేదు, చెడితే వెళ్లి బాగుచేయాల్సిన అవసరం తక్కువ. మనిషి వెళ్లలేని చోటికి పంపే యంత్రానికి ఇంతకన్నా ఏం కావాలి?

1959 జనవరిలో అలాంటి జనరేటర్‌ను అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బల్ల మీద పెట్టి చూపించారు. అది పొలోనియంతో నడిచేది. పొలోనియం 210 అర్ధాయువు 138 రోజులు. ప్రదర్శనకు బాగుంటుంది గానీ ఏళ్ల తరబడి తిరగాల్సిన ఉపగ్రహానికి చాలదు. అలా పక్కన పడి ఉన్న ప్లుటోనియం 238 గుర్తుకొచ్చింది. 1961 జూన్ 29న అమెరికా నౌకాదళపు ట్రాన్సిట్ 4ఎ ఉపగ్రహం దాన్ని మోసుకుని కక్ష్యలోకి వెళ్లింది. జనరేటర్ ఇచ్చింది 2.7 వాట్లు. అంతరిక్షంలో అణుశక్తితో కరెంటు పుట్టడం అదే ప్రథమం.

ఆ తొలి జనరేటర్లలో ఇంధనం లోహరూపంలో ఉండేది. ప్రయోగం విఫలమై ఉపగ్రహం తిరిగి భూవాతావరణంలో పడితే ఏం చేయాలన్నదానికి అప్పటి ఇంజనీర్ల దగ్గర ఒక జవాబు ఉంది: అంతా పైనే కాలిపోవాలి. చాలా ఎత్తులో సన్నని రేణువులుగా విడిపోయి ప్రపంచమంతా పలచగా పరుచుకుంటే ఏ ఒక్కచోటా ప్రమాదకరమైన మోతాదు ఉండదని వాళ్ల లెక్క. కాగితం మీద ఆ లెక్క సరిగానే ఉంది.

1964 ఏప్రిల్ 21న ఆ పరీక్ష రానే వచ్చింది. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి వెళ్లిన ట్రాన్సిట్ ఉపగ్రహం ఒకటి కక్ష్యకు చేరలేకపోయింది. స్నాప్ 9ఎ అనే జనరేటర్, దాదాపు కిలో ప్లుటోనియం 238తో సహా, హిందూ మహాసముద్రం మీద మడగాస్కర్ దిక్కున వాతావరణంలోకి దూసుకొచ్చి, డిజైన్‌లో అనుకున్నట్టే కాలిపోయింది. రేడియోధార్మికత 17,000 క్యూరీలు. తర్వాత కొన్నేళ్లపాటు బెలూన్లు ఎగరేసి గాలిని, ఖండఖండాల్లో తవ్వి మట్టిని పరీక్షించారు. ఆ ప్లుటోనియం ఆనవాళ్లు ప్రపంచమంతటా దొరికాయి, దక్షిణార్ధగోళంలో మరీ ఎక్కువగా.

డిజైన్ ప్రకారమే అంతా జరిగిన ప్రమాదం అది. రాకెట్ సంగతి అటుంచితే, జనరేటర్‌లో ఏ భాగమూ చెడిపోలేదు. మార్చాల్సింది ఆలోచననేనని దానితోనే తేలింది. పలచబడితే ఫరవాలేదన్న సూత్రాన్ని పక్కన పెట్టారు. ఇకమీద ఇంధనం ఎక్కడ పడినా, ఎలా పడినా చెదరకుండా ఉండాలని కొత్త సూత్రం రాసుకున్నారు. ఇలా ఒక్క వైఫల్యంతో తమ మూల సూత్రాన్నే తిరగరాసుకున్న ఇంజనీర్లంటే నాకు గౌరవం. సరిగ్గా ఇక్కడే ఆక్సైడ్ మళ్లీ రంగంలోకి వచ్చింది.

ప్లుటోనియం లోహం మహా పేచీకోరు. 640 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. కరిగే లోపల ఆరు రకాల స్ఫటిక రూపాలు మారుతుంది. రూపం మారినప్పుడల్లా పరిమాణం మారుతుంది, ఒక రూపం నుంచి ఇంకోదానికి పోయేసరికి నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది. బిగుతైన తొడుగులో పెట్టాల్సిన పదార్థానికి ఈ గుణం పనికిరాదు. పైగా సన్నగా తరిగితే గాలి తగిలి దానంతటదే అంటుకుంటుంది.

ఆక్సైడ్ దీనికి పూర్తిగా వేరు. పచ్చ, పసుపు, గోధుమ రంగుల మధ్య ఎక్కడో ఉండే పొడి అది. తయారీని బట్టి రంగు కొద్దిగా మారుతుంది. నొక్కి, కొలిమిలో కాలిస్తే పింగాణీలాంటి గట్టి బిళ్ల అవుతుంది. దాదాపు 2,700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అక్కడిదాకా దాని స్ఫటిక నిర్మాణం ఒక్కటే, మధ్యలో మార్పుల గొడవ లేదు. సాంద్రత నీటికి పదకొండు రెట్లు పైనే. నీళ్లలో కరగదు. ఆమ్లాల్లో కూడా గట్టిగా కాల్చిన ఆక్సైడ్‌ను కరిగించాలంటే రసాయన శాస్త్రవేత్తలు నానా తంటాలు పడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, పొయ్యిలో బూడిద మళ్లీ మండనట్టు ఇదీ మండదు. ఆక్సిజన్‌తో కలవాల్సినంతా ముందే కలిసిపోయింది. గట్టి దెబ్బ తగిలితే ఆవిరి కాకుండా ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం ఊపిరితో లోపలికి పోలేనంత పెద్దవి. ప్లుటోనియం 238తో అసలు భయం ఊపిరితిత్తుల్లోకి సన్నని ధూళి చేరడమే కాబట్టి, ఈ గుణమే ప్రాణం కాపాడేది. చర్మం దాటలేని ఆల్ఫా కణం ఊపిరితిత్తుల లోపల ఏళ్ల తరబడి కణజాలాన్ని దెబ్బతీయగలదు. ఆ ముప్పు ఆక్సైడ్‌తో పోలేదు. ఆ ధూళి పుట్టే అవకాశం మాత్రం బాగా తగ్గింది.

అయితే ఆక్సైడ్ కూడా కొత్త చిక్కులు తెచ్చింది, వాటిని విడదీసిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఒకటి ఆక్సిజన్‌తోనే వచ్చిన చిక్కు. గాలిలోని ఆక్సిజన్‌లో అత్యధిక భాగం 16వ ఐసోటోప్. 17, 18 కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. ఆల్ఫా కణం ఈ 17, 18 కేంద్రకాలకు తగిలితే న్యూట్రాన్ బయటికి వస్తుంది. న్యూట్రాన్ కాగితానికి ఆగే రకం కాదు. పక్కనున్న మనుషులకు హాని, నౌకలోని పరికరాలకూ చికాకు. అందుకని ఇంధనం తయారుచేసేటప్పుడు మామూలు ఆక్సిజన్‌ను తప్పించి దాదాపు అంతా 16 ఉండే ఆక్సిజన్‌ను ఎక్కిస్తారు. ఒక పొడిలో లోహాన్నే కాదు, దాన్ని అంటిపెట్టుకున్న ఆక్సిజన్‌ను సైతం ఏరి ఎంచుకున్నారన్న మాట.

ఇంకొకటి హీలియం. బయటికి వచ్చిన ప్రతి ఆల్ఫా కణమూ ఆగిపోయాక రెండు ఎలక్ట్రాన్లను పట్టుకుని హీలియం పరమాణువు అవుతుంది. బిళ్ల లోపల ఏళ్లకేళ్లు వాయువు పోగవుతుంది. తొడుగును పూర్తిగా మూసేస్తే ఒత్తిడి పెరుగుతుంది. తెరిచి ఉంచితే ఇంధనపు రేణువులు బయటపడతాయి. అందుకే హీలియం మాత్రం జారిపోయి, రేణువు ఆగిపోయేలా తొడుగులో ఒక సూక్ష్మరంధ్రాల వడపోత పెట్టారు.

ఇప్పటి బిళ్లను దగ్గరగా చూద్దాం. ఎత్తు, వెడల్పు రెండూ మూడు సెంటీమీటర్ల లోపే. బరువు 150 గ్రాములు. ఇచ్చే వేడి 62 వాట్లు, అంటే పాతకాలపు 60 వాట్ల బల్బు తీసుకునేంత శక్తి. చుట్టూ వేడి పోకుండా కప్పి కాసేపు ఉంచి తీస్తే నారింజ రంగులో మెరుస్తుంది. ఆ వెలుగు బయటి నుంచి వచ్చింది కాదు, బిళ్ల తన వేడికి తానే ఎర్రబడుతుంది. దాని మీద ఇరిడియం మిశ్రమలోహంతో తొడుగు. ఇరిడియం చాలా ఖరీదైనది, వేడికి లొంగనిది, ఆక్సైడ్‌తో చర్య జరపనిది. ఆపైన కార్బన్ పోగులతో నేసిన కవచం. వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే మంటను ఆ కవచం తన మీద వేసుకుంటుంది. ఇలాంటి నాలుగు బిళ్లలు కలిపి ఒక మాడ్యూల్. మార్స్ మీద తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్‌లో ఎనిమిది మాడ్యూళ్లు, మొత్తం 4.8 కిలోల ఆక్సైడ్.

కొత్త సూత్రం నిలబడుతుందా లేదా అన్నది ప్రయోగశాలలో కాదు, ప్రమాదాల్లోనే తేలింది. 1968 మే 18న వాండెన్‌బర్గ్ నుంచి బయలుదేరిన నింబస్ బి ఉపగ్రహం దారి తప్పితే, రాకెట్‌ను గాల్లోనే పేల్చేయాల్సి వచ్చింది. రెండు జనరేటర్లు సాంటా బార్బరా తీరంలో సముద్రంలో పడ్డాయి. కొన్ని నెలల తర్వాత వెతికి బయటికి తీస్తే ఇంధనపు గుళికలు చెక్కుచెదరలేదు. ఆ ఇంధనాన్నే తర్వాత మళ్లీ వాడుకున్నారు.

1969 నవంబర్‌లో అపోలో 12 చంద్రుడి మీద దిగింది. పరికరాలకు కరెంటు ఇచ్చే స్నాప్ 27 జనరేటర్‌ను అక్కడే ఇంధనంతో నింపాలి. వేడిగా ఉన్న ఇంధనపు గొట్టాన్ని ల్యాండర్ పక్కనున్న గ్రాఫైట్ పెట్టె నుంచి తీసే పని అలన్ బీన్‌ది. అది పెట్టెలో ఇరుక్కుపోయి ఎంత లాగినా రాలేదు. పీట్ కాన్రాడ్ సుత్తి తెచ్చి పెట్టెను బాదుతుంటే, బీన్ పట్టి లాగగా లాగగా చివరికి బయటికి వచ్చింది. ఆ జనరేటర్ 70 వాట్లకు పైగా కరెంటు ఇస్తూ, చంద్రుడి మీద రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేసింది. 1977 సెప్టెంబర్ 30న భూమి నుంచే పరికరాలను ఆపేసేదాకా అవి సమాచారం పంపుతూనే ఉన్నాయి.

అపోలో 13 సంగతి అందరికీ తెలిసిందే. ఆక్సిజన్ ట్యాంకు పేలాక ముగ్గురు వ్యోమగాములు చంద్రుడి ల్యాండర్‌నే పడవ చేసుకుని ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ ల్యాండర్‌కు ఈ ఇంధనపు పెట్టె తగిలించే ఉంది. చంద్రుడి మీద దిగిపోవాల్సిన ఆ పెట్టె 1970 ఏప్రిల్‌లో భూవాతావరణంలోకి వచ్చి పసిఫిక్‌లో టోంగా అగాధంలో, కిలోమీటర్ల లోతున మునిగిపోయింది. ఆ ప్రాంతపు గాలిని, నీటిని పరీక్షిస్తే ప్లుటోనియం బయటపడిన గుర్తు లేదు. అది ఈరోజుకీ అక్కడే ఉంది. 1964కూ 1970కీ మధ్య ఆరేళ్లలో డిజైన్ ఎంత మారిందో ఈ రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మన దేశానికి ఈ ఐసోటోప్‌తో పరిచయం మాత్రం బాధాకరంగా మొదలైంది. 1965లో చైనా అణు పరీక్షల మీద కన్నేసేందుకు అమెరికా, భారత గూఢచారి సంస్థలు కలిసి నందాదేవి శిఖరం మీద ప్లుటోనియం 238 జనరేటర్‌తో నడిచే పరికరం పెట్టాలనుకున్నాయి. వాతావరణం తిరగబడటంతో బృందం దాన్ని దారిలోనే భద్రపరచి దిగివచ్చింది. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే అక్కడ లేదు. 1978లో ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో చెప్పేదాకా దేశానికి ఈ సంగతే తెలియదు. గంగకు నీళ్లిచ్చే హిమానీనదాల పైన ఏం పెడుతున్నారో అక్కడి ప్రజలకు చెప్పకపోవడం క్షమించరానిది. ఆ జనరేటర్ నేటికీ దొరకలేదు.

దీని వాడకాల్లో ఎక్కువగా వినిపించేది వోయేజర్. 1977లో బయలుదేరిన రెండు నౌకల్లో ఒక్కోదానికి మూడు జనరేటర్లు, ఒక్కో జనరేటర్‌లో ఇరిడియం తొడిగిన 24 ఆక్సైడ్ గుండ్లు. మొదట్లో ఒక్కో నౌకకు మొత్తం 470 వాట్లు వచ్చేవి. ఏటా నాలుగు వాట్ల చొప్పున తగ్గుతూ వస్తోంది. ప్లుటోనియం క్షీణించడమే కాదు, థర్మోకపుల్స్ కూడా కాలంతో బలహీనపడతాయి. ఒక్కో పరికరాన్నీ ఆపుకుంటూ, హీటర్లు కట్టేసుకుంటూ నెట్టుకొస్తున్నారు. శనిగ్రహానికి 1997లో బయలుదేరిన కసినీలో దాదాపు 33 కిలోల ప్లుటోనియం ఇంధనం ఉందని తెలిసి అమెరికాలో చాలామంది నిరసన తెలిపారు. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1964 నిజంగా జరిగింది కదా. కానీ శని దగ్గర ఎండ మన దగ్గరున్నదానిలో నూటికి ఒక వంతు. అప్పటి సౌరఫలకాలతో అక్కడ పనిచేయడం సాధ్యమయ్యేది కాదు.

కరెంటు కాకుండా కేవలం వెచ్చదనం కోసం వాడే చిన్న హీటర్లు కూడా ఉన్నాయి. 2.7 గ్రాముల ఆక్సైడ్, ప్లాటినం రోడియం తొడుగు, కార్బన్ కవచం అన్నీ కలిపి 40 గ్రాములు. ఇచ్చేది ఒక వాట్ వేడి. మార్స్ మీద స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు సౌరశక్తితో నడిచినా, రాత్రి చలికి బ్యాటరీ గడ్డకట్టకుండా కాపాడడంలో ఒక్కోదానిలో పెట్టిన ఎనిమిది హీటర్లు తోడ్పడ్డాయి. 1970లలో మనుషుల గుండెలకు పేస్‌మేకర్లు నడపడానికీ ప్లుటోనియం 238 వాడారు. లిథియం బ్యాటరీలు మెరుగయ్యాక అది ఆగిపోయింది.

ఇంధనం దొరకడం మరో కథ. ప్లుటోనియం 238 గనుల్లో దొరకదు. రియాక్టర్లలో వాడేసిన ఇంధనం నుంచి నెప్ట్యూనియం 237 వేరుచేసి, దాన్ని మళ్లీ రియాక్టర్‌లో పెట్టి న్యూట్రాన్లు తగిలించాలి, తర్వాత రసాయనికంగా విడదీయాలి. అమెరికాలో సవానా రివర్ రియాక్టర్లు ఈ పని చేసేవి. 1988లో ఉత్పత్తి ఆగింది. నిల్వలు కరిగిపోయి, కొంతకాలం రష్యా దగ్గర కొనుక్కున్నారు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల మళ్లీ తయారుచేసిన తొలి 50 గ్రాములను 2015 డిసెంబర్‌లో చూపించింది. ఆ మొత్తం ఒక బిళ్లలో మూడో వంతు. ఆపేసిన పనిని తిరిగి నేర్చుకోవడానికి అంత పెద్ద దేశానికి కూడా పాతికేళ్లకు పైగా పట్టిందని దీనర్థం. యూరప్ ఇంకో దారి పట్టింది. పాత ప్లుటోనియం నిల్వల్లో తనంతట తాను పుట్టే అమెరీషియం 241ను వేరుచేసి, దాని ఆక్సైడ్‌తో హీటర్లు చేయాలని పనిచేస్తోంది. వేడి నాలుగైదు రెట్లు తక్కువే గానీ అర్ధాయువు 432 ఏళ్లు.

మన చంద్రయాన్ 3 గుర్తుంది కదా. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి లేచి, ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దిక్కున దిగింది. ల్యాండర్ విక్రమ్, రోవర్ ప్రజ్ఞాన్ రెండూ చంద్రుడి మీది ఒక్క పగలంతా అద్భుతంగా పనిచేశాయి. సెప్టెంబర్ మొదట్లో నిద్రపుచ్చారు. పద్నాలుగు రోజుల రాత్రి, సున్నాకు 150 డిగ్రీలకు పైగా దిగువన చలి. తెల్లవారాక ఇస్రో ఎంత పిలిచినా పలకలేదు. వాటిలో ఇలాంటి హీటర్లు లేవు. కానీ పైన కక్ష్యలో తిరిగిన ప్రొపల్షన్ మాడ్యూల్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం తయారుచేసిన, ఒక్కో వాట్ వేడినిచ్చే రెండు రేడియో ఐసోటోప్ హీటర్లను పరీక్ష కోసం పంపారు. అవి పనిచేశాయి. అంటే మొదటి అడుగు మనమూ వేశాం.

తర్వాతి అడుగు చంద్రుడి నేల మీద పడాలి. మన రియాక్టర్లలో కాలిన ఇంధనంలోనూ నెప్ట్యూనియం, అమెరీషియం ఉన్నాయి. ప్లుటోనియం ఆక్సైడ్‌ను యురేనియం ఆక్సైడ్‌తో కలిపి రియాక్టర్ ఇంధనంగా మలిచే అనుభవం తారాపూర్‌లో ఉంది. కావాల్సింది ఏటా కొద్ది కొద్ది గ్రాములైనా సరే, ఆపకుండా తయారుచేస్తామన్న నిర్ణయం. ఆ నిర్ణయంతో పాటు, ఏ నౌకలో ఎంత ఇంధనం వెళ్తోందో, ప్రయోగం విఫలమైతే అది ఎక్కడ పడుతుందో, దాన్ని ఏయే పరీక్షలకు నిలబెట్టారో ప్రభుత్వం ముందే ప్రజలకు చెప్పాలి. మొదట చెప్పాల్సింది శ్రీహరికోట చుట్టుపక్కల సూళ్లూరుపేట, తడ, పులికాట్ ఒడ్డు ఊళ్లవాళ్లకు. ఈ రెండూ కలిపి అడగడం మన హక్కు, అడుగుదాం.